క్లచ్ వదలడం లేదు

ఆదివారం, రాత్రి పదిన్నర

ఎడమ చూపుడు వేలికి ప్లాస్టరు ఉంది. అందుకే ఈ రాత రోజూ కంటే నెమ్మదిగా సాగుతోంది. ఆ వేలి కథ కింద వస్తుంది.

ఆదివారం సూర్యుడి రోజు. ఎండెక్కాక వెళ్తే అరసవల్లి క్యూలో నిలబడలేమని అత్తయ్య ఆరింటికల్లా కొబ్బరికాయల సంచీతో వెనక సీట్లో కూర్చున్నారు. మావయ్య ముందు, నా పక్కన. ఆయన ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరు. అందులో ఎక్కువ కాలం శ్రీకాకుళం – పాలకొండ బస్సే. ఎడమ మోకాలు అరిగి స్టీరింగు వదిలేసి ఆరేళ్లయింది. నేను నడుపుతుంటే ఆయన ఏమీ అనరు. ఆ మౌనమే నాకు భయం. నేను గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమ పాదం కూడా ఖాళీ నేలను ఒకసారి తొక్కుతుంది.

మా కారుకు పదకొండేళ్లు, 72 వేల కిలోమీటర్లు. నెలన్నరగా గేర్లు బిగుసుకుంటున్నాయి. ఫస్టు పడాలంటే భుజం బలం కావాలి. రివర్సు వేస్తే నేను బడికి బయల్దేరానని వీధి మొత్తానికీ తెలుస్తుంది. పోయిన నెల ఒక పెద్ద షెడ్డులో గేర్ ఆయిల్ మార్చి 1,800 తీసుకున్నారు. రెండు రోజులు నయమైనట్టే అనిపించింది. డబ్బు ఇచ్చాక అలాగే అనిపిస్తుంది. మళ్లీ వెళ్తే బానెట్ కూడా ఎత్తకుండా, "క్లచ్ సెట్టు పోయింది మేడం, గేర్‌బాక్సు దింపాలి, 9,500 అవుతుంది" అన్నారు. నేను సైన్సు టీచర్ని. జవాబు పత్రం తెరవకుండా మార్కులు వేసేవాళ్లంటే నాకు గిట్టదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను. ఆలోచించడం మాత్రం ఇవాళ్టిదాకా కుదరలేదు.

ఏడు రోడ్ల కూడలిలో బండి ఆగాక ఫస్టు పడలేదు. రెండోసారీ పడలేదు. వెనక ఆటోల హారన్లు, పక్కన పువ్వుల బుట్టతో సైకిలు, ఎదురుగా పోలీసు చెయ్యి. అత్తయ్య ఆదిత్య హృదయం అందుకున్నారు. అప్పుడు మావయ్య నోరు విప్పారు.

"ఇంజను ఆపమ్మా. ఇప్పుడు ఫస్టు వెయ్యి."

పడింది. నేతిలో వేలు ముంచినంత మెత్తగా పడింది.

"క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచి స్టార్ట్ చెయ్యి."

క్లచ్ వెళ్లినంత లోతుకు తొక్కే ఉంది, అయినా స్టార్ట్ కాగానే కారు ముందుకు గెంతింది. అలాగే గెంతుకుంటూ గుడి దాకా చేరాం. దర్శనం బాగా జరిగింది. నా బుద్ధి మాత్రం స్వామి ఎదుట కూడా గేరు రాడ్డు చుట్టే తిరిగింది.

బయటికి వచ్చాక పార్కింగులో చదునైన చోటు చూసి, మావయ్య నాచేత ప్రయోగాలు చేయించారు. ఇంజను ఆపి అయిదు గేర్లూ, రివర్సూ వెయ్యమన్నారు. అన్నీ మెత్తగా పడ్డాయి. ఇంజను నడుస్తుంటే ఒక్కటీ తిన్నగా పడలేదు. "అయితే గేర్‌బాక్సుకు రోగం లేదు. రాడ్డో, లోపలి పళ్లో పాడైతే ఇంజను ఆపినా బిగుసుకునేవి," అన్నారు. తర్వాత క్లచ్ తొక్కి, అయిదు లెక్కపెట్టి రివర్సు వెయ్యమన్నారు. అయినా గర్రుమంది. ఫస్టులో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కే ఉంచి బ్రేకు వదలమన్నారు. కారు చీమలా ముందుకు పాకింది.

ఇక్కడ నాలోని టీచరు మేలుకుంది. క్లచ్ తొక్కితే ఇంజను తిప్పే ఫ్లైవీల్ నుంచి క్లచ్ ప్లేటు విడిపోవాలి, గేర్‌బాక్సులోకి వెళ్లే షాఫ్టు నెమ్మదించాలి. ప్లేటు కొంచెం రాసుకుంటూనే ఉంటే షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. వేగాలు కలిపే సింక్రో రింగులు పాపం ఇంజనుతోనే కుస్తీ పట్టాలి. మన చేతికి తెలిసే బిగువు ఆ కుస్తీయే. చాలా కార్లలో రివర్సుకు సింక్రో ఉండదు. అందుకే మొదట అరిచేది అది. ఇదంతా నేను ఉత్సాహంగా చెబితే మావయ్య ఓపికగా విని, "అవునమ్మా, క్లచ్ వదలడం లేదు," అన్నారు. నా పాఠమంతా మూడు మాటల్లో అయిపోయింది.

వదలకపోవడం వేరు, పట్టకపోవడం వేరట. దానికీ ఒక పరీక్ష పెట్టారు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ నెమ్మదిగా వదలమన్నారు. ప్లేటు అరిగిపోయి జారుతుంటే ఇంజను ఆగకుండా గోల పెడుతుంది. మా ఇంజను ఠక్కున ఆగిపోయింది. పట్టు బాగానే ఉంది. అంటే ప్లేటుతో పాటు క్లచ్ సెట్టంతా మార్చక్కర్లేదు, ఆ 9,500 నా పర్సులోనే ఉంటాయి.

ఇంతలో అత్తయ్య వెనక నుంచి, "ఆ కొత్త పట్టా ఏమిటి, మడతపడి ఉంది?" అన్నారు. పండక్కి నేనే కొన్న మందపాటి మ్యాటు! క్లచ్ పెడల్ కింద ముడుచుకుపోయి, పెడల్‌ను అరంగుళం పైనే ఆపేస్తోంది. తీసి డిక్కీలో పడేశాను. ఫస్టు కాస్త సులువుగా పడింది. రోగం కుదిరిందని సంబరపడి బయల్దేరాను. నాగావళి వంతెన దిగేలోపే పాత పాటే.

సింహద్వారం వైపు మావయ్యకు తెలిసిన చిన్న షెడ్డు ఒకటి ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాకా తీసి ఉంచుతారు. అక్కడి మెకానిక్ నన్ను ఏమీ అడగలేదు. పెడల్‌ను చేత్తో రెండుసార్లు నొక్కి, "బరువుగా ఉంది, కింద కొసన పట్టుకుంటోంది," అని బానెట్ ఎత్తాడు. మాది కేబుల్ క్లచ్. ఆయిల్‌తో పనిచేసే రకమైతే లీకో, లోపల గాలో వెతకాల్సి వచ్చేదట. గేర్‌బాక్సు మీది లివరు దగ్గర కేబులుకున్న రబ్బరు తొడుగును వెనక్కి జరిపి నన్ను పిలిచాడు.

అరిగిన చీపురు కొసలా ఉంది. పురి తిప్పిన సన్నటి ఉక్కు తీగల్లో సగానికి పైగా తెగి, నలువైపులా నిక్కి నిలబడ్డాయి. మిగిలినవి బరువంతా మోస్తూ సాగాయి. సాగిన కొద్దీ నేను ఎంత తొక్కినా లివరు సగమే కదిలింది. తెగిన కొసలు గొట్టంలో గీరుకోవడం వల్లే పెడల్ బరువెక్కింది. ఎన్ని తెగాయో లెక్కపెడదామని వేలు పెట్టాను. ఏడు దగ్గర రక్తం వచ్చింది.

కొత్త కేబులు 650, పని 300. బిగించాక అతను చివరి నట్టును కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ పెడల్ మీద చెయ్యి వేసి చూశాడు. పైన ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దాకా పెడల్ ఉత్తినే కదలాలట. ఎక్కువుంటే క్లచ్ వదలదు. అసలు లేకపోతే పూర్తిగా పట్టదు, ప్లేటు మాడిపోతుంది. స్టార్ట్ చేసి రివర్సు వేశాడు. చప్పుడే లేదు. నాకు నమ్మకం కుదరక మళ్లీ వెయ్యమన్నాను.

డబ్బులిచ్చి వెనక్కి తిరిగేసరికి డ్రైవరు సీట్లో మావయ్య. ఇంజను ఆపే ఉంది. ఎడమ కాలితో క్లచ్ తొక్కి ఫస్టు, సెకండు, థర్డు... మధ్యలో న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, మళ్లీ తొక్కుతున్నారు. ఆయన తొలిరోజుల్లో నడిపిన బస్సులకు సింక్రోలు లేవు. ప్రతి గేరుకూ రెండుసార్లు తొక్కాల్సిందే. పాలకొండ వెళ్లి వచ్చేసరికి ఎన్నిసార్లు తొక్కేవారో!

"ఇంత మెత్తగా ఉంటే ఈ మోకాలు ఇంకో పదేళ్లు వచ్చేది," అని దిగి, కుంటుతూ తన వైపుకు వెళ్లి కూర్చున్నారు.

వెనక అత్తయ్య ప్రసాదం పొట్లం విప్పారు. షెడ్డు దాటి హైవే ఎక్కాను. నాలుగో గేరులో సాఫీగా పోతున్నాం. మావయ్య కళ్లు రోడ్డు మీద లేవు, కిందికి చూస్తున్నారు.

"కాలు," అన్నారు.

క్లచ్ మీద ఊరికే ఆనించి ఉంచిన ఎడమ పాదం తీసి పక్కన పెట్టుకున్నాను.