మూత తీస్తే మాయమయ్యే ఫాల్ట్

నిన్న రాత్రే దొరికింది. చిరాకు దిగకముందే రాసేస్తున్నా.

నా దగ్గర 1970ల నాటి అనలాగ్ ఆసిలోస్కోప్ (కరెంటు సిగ్నళ్లని తెర మీద గీతగా చూపించే పరికరం) ఒకటుంది. ఆన్ చేయగానే ముచ్చటగా పనిచేస్తుంది. పాతిక నిమిషాలు దాటాక, తెర మధ్యలో కుదురుగా ఉన్న గీత ఒకసారి వణికి పైకి ఎగిరిపోతుంది. ఒక్కోసారి తట్టితే దిగుతుంది, ఒక్కోసారి ఎంత తట్టినా దిగదు.

దుమ్ము దులపడం, స్విచ్‌లకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టడం ఒక సాయంత్రంలో అయిపోయాయి. లోపలి సర్క్యూట్లకి కరెంటిచ్చే సప్లై వోల్టేజీలు కూడా అప్పుడే కొలిచాను. 15 వోల్టుల లైన్‌లో 15.02 ఉంది. "సప్లై ఓకే" అని నోట్‌బుక్‌లో రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ రెండు గీతలే నా కొంప ముంచాయి.

ఎందుకంటే మూత తీసి ఉంచితే ఈ ఫాల్ట్ రాదు, డాక్టర్ గుమ్మం తొక్కగానే తగ్గిపోయే కడుపునొప్పి లాగా. రెండు గంటలు కళ్లప్పగించి కూర్చున్నా గీత కదలదు, మూత పెట్టి స్క్రూలన్నీ బిగించాక మాత్రం మళ్లీ అదే ఆట. గాలి తగిలి లోపల చల్లబడుతోందని తట్టడానికి రెండు రోజులు పట్టింది. మూత బదులు అట్టపెట్టె బోర్లిస్తే చాలు, స్క్రూలతో పనే లేదు.

ఇక అసలు పరువు పోయింది ఫ్రీజ్ స్ప్రే దగ్గర (అనుమానమున్న పార్టుని చటుక్కున చల్లబరిచి చూసే స్ప్రే). హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, గీత ఎగరగానే, దాన్ని పైకీ కిందికీ నడిపే వర్టికల్ యాంప్లిఫయర్‌లో ఒక ట్రాన్సిస్టర్ మీద స్ప్రే కొట్టాను. గీత చక్కగా కిందికి దిగింది! గెలిచాననుకుని ఆ ట్రాన్సిస్టర్‌ని మార్చాను. మర్నాడు మళ్లీ ఎగిరింది. దాని జంట (దానితో జతగా పనిచేసే ట్రాన్సిస్టర్) మీద కొడితే కూడా గీత కదిలింది కాబట్టి దాన్నీ మార్చాను, ఆ తర్వాత ఇంకోదాన్ని. తీసిన మూడూ పరీక్షిస్తే లక్షణంగా ఉన్నాయి. సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో బేస్-ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు మారుతుంది. జంటలో ఒకదాన్నే 40 డిగ్రీలు చల్లబరిస్తే 80 మిల్లీవోల్టుల తేడా వస్తుంది, యాంప్లిఫయర్ ఎంత బాగున్నా గీత పైకో కిందికో పోవాల్సిందే. ఇది నాకు పాఠంగా తెలుసు, చేతిలో స్ప్రే ఉన్నప్పుడు మాత్రం గుర్తురాలేదు.

మధ్యలో ఒకాయన "పాత కెపాసిటర్లన్నీ మార్చెయ్" అన్నాడు. ఏ ఫాల్ట్‌కైనా ఇదే మందు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయినా విన్నాను. పద్నాలుగు మార్చాను, ఒకచోట బోర్డు మీది ట్రాక్ లేచిపోయింది, ఫాల్ట్ అలాగే ఉంది.

చివరికి నాకు పని నేర్పిన సార్‌కి ఫోన్ చేసి అంతా ఏకరువు పెట్టాను. ఆయన ఒక్కటే అడిగారు: "సప్లై ఎప్పుడు కొలిచావు? ఫాల్ట్ ఉన్నప్పుడా, లేనప్పుడా?" నేను మాట్లాడలేదు. ఆయన నవ్వారు, అది ఇంకా మండింది.

మీటర్ వైర్లను 15 వోల్టుల లైన్‌కి సోల్డర్ చేసి బయటికి లాగి, అట్టపెట్టె బోర్లించి కూర్చున్నాను. ఇరవై ఏడో నిమిషంలో గీత ఎగిరింది, మీటర్ 13.4 చూపించింది. ఆపైన గంట పని. సప్లై బోర్డులో ఒక పెద్ద రెసిస్టర్ కింద బోర్డు గోధుమరంగుకి మాడి ఉంది. దాని పక్కనున్న చిన్న రెసిస్టర్‌ని వెదురుపుల్లతో నొక్కితే 15, వదిలితే 13.4. అది రెగ్యులేటర్‌కి (వోల్టేజీని 15 దగ్గర నిలబెట్టే సర్క్యూట్‌కి) వోల్టేజీ ఎంతుందో చెప్పే రెండు రెసిస్టర్ల డివైడర్‌లో కింది రెసిస్టర్. భూతద్దంలో చూస్తే దాని కాలు చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత గుండ్రటి పగులు. వేడికి బోర్డు కాస్త వంగినప్పుడల్లా అక్కడ రెసిస్టెన్స్ పెరిగి, వోల్టేజీ ఎక్కువైందని రెగ్యులేటర్ పొరబడి తగ్గించేస్తుంటే, అవుట్‌పుట్ పడిపోతోందన్నమాట. (పుల్లతో ఎక్కడపడితే అక్కడ పొడవకండి, పిక్చర్ ట్యూబ్ దగ్గర వేల వోల్టులుంటాయి, ఆపేశాక కూడా.)

పాత సోల్డర్ పీల్చేసి కొత్తది వేశాను, వేడెక్కే రెసిస్టర్‌ని బోర్డు నుంచి కాస్త పైకి లేపాను. ఇది రాస్తుంటే స్కోప్ పక్కనే నడుస్తోంది, స్క్రూలన్నీ బిగించి ఆరు గంటలైంది, గీత కదల్లేదు. రెండో ఛానల్ నాబ్ తిప్పితే గరగరమంటోంది. అననీ, నెలరోజుల దాకా మూత తీసేది లేదు.