హాలు తాళంచెవి

ఆదివారం. పదింటికి మా కాలనీ కమ్యూనిటీ హాల్లో జనరల్ బాడీ మీటింగ్. పదిన్నరైనా ఆరుగురమే. కోరం లేదు. టీ ఫ్లాస్కు రాగానే కోరం కూడా వచ్చింది.

ట్రెజరర్‌ని కాబట్టి లెక్కలు నేనే చదివాను. ఎవరూ వినలేదు. "అద్దె పెంచుదాం" అనగానే మాత్రం అందరూ ఫోన్లు పక్కన పెట్టారు.

ఈ హాలు ఎవరిదంటే చెప్పడం కష్టం. స్థలం మున్సిపాలిటీది, గోడలు ఎమ్మెల్యే నిధులతో లేచాయి, ఫ్యాన్లూ కుర్చీలూ మా చందాలు. అందుకే హెల్త్ క్యాంపంటే కార్పొరేటర్ మనుషులు అద్దె ఊసెత్తరు. ఎన్నికలొస్తే పోలింగ్ బూత్ ఇదే. యోగా బ్యాచ్ పైసా కట్టదు, కానీ వాళ్లలో సగం మంది మొదట చందాలిచ్చిన పెద్దలు. "స్లాబుకి నీళ్లు పట్టింది నేను" అని ఒకాయన ప్రతి మీటింగ్‌లోనూ గుర్తుచేస్తారు. కరెంటు బిల్లు కట్టేది మాత్రం ఫంక్షన్ల డబ్బుతోనే. ఎంత వాదించుకున్నా శనివారం రాత్రి హాలు ఫంక్షన్లకే పోవడానికి కారణం అదే.

ఈసారి గోడ పక్కింటాయన వచ్చారు. అద్దెకుంటున్నారు, సభ్యత్వం లేదు, ఓటూ లేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రింటవుట్ తెచ్చారు. మా సెక్రటరీ కూడా చదువుకునే వచ్చారు. "నాలుగు గోడల మధ్య ఉన్న కమ్యూనిటీ హాళ్లకి మినహాయింపు ఉందండీ" అన్నారు. ఆయన తలెత్తి చూసి, "మీ కిటికీలకి అద్దాలేవండీ?" అన్నారు. నవ్వాపుకోలేకపోయాను. పదికి డీజే బంద్, వినకపోతే డిపాజిట్ తిరిగివ్వం అని తీర్మానమైంది. సభ్యులం ఇంతమందిమి ఉండి ఏడాదిలో ఒక్క తీర్మానమూ ఇంత తొందరగా చేయించుకోలేదు.

అంతా లేచాక కప్పులు ఏరుతూ వాచ్‌మన్ భార్య నా దగ్గరికొచ్చింది. "డీజే పదికి బందైనా ఫంక్షనోళ్లు పోయేసరికి ఒంటిగంటైతది మేడమ్. ఎంగిలాకులు తీసి కడిగేసరికి తెల్లారుతది. ఐదున్నరకి యోగా సార్లు చాపలేస్తరు. నేనెప్పుడు పండాలె?"

హాలు తాళంచెవి ఉండేది ఆమె కొంగుముడిలోనే. మధ్యాహ్నం కుట్టు క్లాసు ఆడవాళ్లు సెక్రటరీకి ఫోన్ చెయ్యరు, ఈమెకే చేస్తారు. మూడేళ్లుగా లెక్కలు రాస్తున్నాను, ఈ మాట ఎప్పుడూ అడగలేదు.

యోగా వాళ్లలో ఒకరిద్దరు గేటు దగ్గరే ఉంటే చెప్పాను. ఆదివారాలు మేడ మీద చేసుకుంటామన్నారు, కొంచెం గొణిగి.

మినిట్స్ పుస్తకంలో సభ్యుల మాటలే రాస్తాం. ఆమె మాట "ఇతర విషయాలు" కింద రాశాను. ప్రెసిడెంట్ గారు చదవకుండానే సంతకం పెట్టేశారు.