కడుపుతో ఉన్నప్పుడు కలవొచ్చా? డాక్టర్‌ని అడిగాక మాకు తెలిసినవి

చెకప్‌కి వెళ్లే ముందు అడగాల్సినవన్నీ ఫోన్‌లో రాసుకునేదాన్ని. ఐరన్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ప్రయాణాలు చేయొచ్చా, ఇలాంటివి. ‘మేమిద్దరం కలవొచ్చా’ అన్న ప్రశ్న మాత్రం అడగడానికి నోరు వచ్చేది కాదు. ఇంట్లో మా ఆయనకీ భయమే. లోపల బిడ్డకి దెబ్బ తగిలితే? నొప్పులు ముందే వచ్చేస్తే? మొదటి మూడు నెలలూ వాంతులు, నీరసంతో నాకు ఆ ధ్యాసే లేదు. నాలుగో నెలలో ఒంట్లో ఓపిక వచ్చింది, కోరికా వచ్చింది. ఇక అడిగేశాను.

డాక్టరమ్మ నా రిపోర్టు వెనక పెన్నుతో బొమ్మ గీశారు. బిడ్డ చుట్టూ ఉమ్మనీటి సంచి, దాని చుట్టూ మందపాటి గర్భాశయం, కింద మూసుకుని ఉన్న గర్భాశయ ముఖద్వారం, దానికి అడ్డంగా చిక్కటి జిగురు. "పురుషాంగం యోనిలోనే ఆగిపోతుంది, బిడ్డ దాకా వెళ్లదు" అని పెన్నుతో చూపించారు. ఏ ఇబ్బందీ లేని గర్భమైతే నెలలు నిండేదాకా కలవొచ్చన్నారు. మొదటి నెలల్లో గర్భం పోవడానికి ఎక్కువగా క్రోమోజోముల లోపాలే కారణమని, కలయిక వల్ల కాదని చెప్పారు. ఆ బొమ్మ ఉన్న కాగితం మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన భయం సగం దానితోనే పోయింది.

కానీ 20వ వారం స్కాన్‌లో బిడ్డకి పోషణ అందించే మాయ (ప్లాసెంటా) కిందికి, ముఖద్వారం అంచు దాకా ఉందని తేలింది. అక్కడ ఏ ఒత్తిడి తగిలినా బాగా రక్తస్రావం కావచ్చట. "మళ్లీ స్కాన్ చేసేదాకా కొంచెం జాగ్రత్త" అన్నారు. జాగ్రత్త అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఈసారి ఇద్దరం కలిసి విడమరిచి అడిగాం. యోనిలోకి ఏదీ వెళ్లకూడదు, నాకు భావప్రాప్తి కూడా వద్దు, ఎందుకంటే అప్పుడు గర్భాశయం బిగుసుకుంటుంది. కౌగిలించుకోవడం, ముద్దులు, పక్కపక్కనే పడుకోవడం మామూలే. అలా స్పష్టంగా చెప్పించుకోకపోతే మా ఆయన మళ్లీ నన్ను ముట్టుకోవడానికే జంకేవారు.

ఆ వారాల్లో రోజూ రాత్రి నా నడుముకీ కాళ్లకీ నూనె రాసేవారు. కలవకపోయినా మేం దూరమైనట్టు నాకెప్పుడూ అనిపించలేదు. కడుపుతో ఉన్న మనిషికి ఆ స్పర్శ ఎంత అవసరమో ఎవరూ పెద్దగా చెప్పరు.

32వ వారం స్కాన్‌లో మాయ పైకి జరిగింది. గర్భాశయం కింది భాగం పెరిగేకొద్దీ చాలామందికి ఇలాగే జరుగుతుందట. ముఖద్వారానికి 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువ దూరంలో ఉందని చూసి, ఇక ఫర్వాలేదన్నారు. అప్పటికి పొట్ట బాగా పెరిగింది. వెల్లకిలా పడుకుంటే ఆ బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరిగినట్టుండేది. పక్కకి తిరిగి పడుకుంటే హాయిగా ఉండేది. కలిశాక కాసేపు పొట్ట గట్టిపడేది. మొదటిసారి చాలా టెన్షన్ పడ్డాం, పడుకుని నీళ్లు తాగాక తగ్గిపోయింది. తగ్గకుండా నొప్పులు వరసగా వస్తున్నా, రక్తం పడినా, ఉమ్మనీరు కారినా ఆగకుండా ఆస్పత్రికి రమ్మని ముందే చెప్పి ఉంచారు.

ముందు నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్లు, ముఖద్వారం పొట్టిగా ఉందని చెప్పించుకున్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా కలవొద్దు. ఉమ్మనీరు పోయాక అసలే వద్దు. భర్తకి లైంగిక వ్యాధి ఉందేమోనన్న అనుమానం ఉంటే పరీక్షలు తేలేదాకా ఆగడమే మంచిది, ఎందుకంటే అలాంటివి కొన్ని బిడ్డకీ సోకుతాయి.

కాన్పయ్యి ఇంటికి వచ్చేటప్పుడు ఈ ప్రశ్న మా ఆయనే అడిగారు. రక్తస్రావం ఆగి, కుట్లు మాని, 6 వారాల చెకప్ అయ్యాక నాకు ఇష్టమైనప్పుడే అన్నారు. నెలసరి తిరిగి రాకముందే మళ్లీ గర్భం రావచ్చు కాబట్టి ఏ గర్భనిరోధకం వాడాలో ఆ చెకప్‌లోనే మాట్లాడుకోమన్నారు.