పంపు నడుస్తుంటే పక్కన కూసున్న రోజు

పొద్దుగాల ఆరున్నరకే ఫోన్. మునుగోడు దిక్కు ఒక ఊరి పాల సెంటర్ల వెయ్యి లీటర్ల కూలర్ మళ్ల ఆగింది, పొద్దుటి పాలు క్యాన్లకెత్తి ఆటోల పక్కూరికి పంపినం, మాపటి పాల వరకన్న చెయ్యి మేస్త్రీ అని సెక్రటరీ సార్. మళ్ల అంటే ఏందంటే పోయిన నెల ఎవరో వచ్చి లీకేజీ బందు చేసి గ్యాస్ నింపి పోయిండట, గంటన్నరల పని అయిపోయింది మస్తు స్పీడ్ మనిషి అని సారే పొగిడిండు, పదిహేను రోజులు కూడ సక్కగ నడ్వలే గది వేరే సంగతి.

సద్ది కట్టుకునే టైం లేకుండె. పోరన్ని క్లాక్ టవర్ కాడ ఎక్కించుకొని, నైట్రోజన్ సిలిండర్, లైన్ల గాలి గుంజే వ్యాక్యూమ్ పంపు, పాత గ్యాస్ పట్టే రికవరీ మిషన్, తూకం కాంట అన్నీ ట్రాలీ ఆటోల ఏసుకొని పోయినం. తొవ్వ పొంటి బత్తాయి తోటలు, పొద్దున్నే బోర్లు పోస్తున్నయి, ఆ సల్లగాలికి పోరడు అప్పుడే నిద్రకు పడ్డడు. ఐటీఐ అయిపోయి నా కాడికొచ్చి ఆరు నెలలైతుంది, చెయ్యి మంచిగనే ఉంటది కానీ తొందర జాస్తి.

పోయి చూస్తే కూలర్ నడుస్తనే ఉంది! అందరు నా మొకం చూస్తున్నరు. సరే నడ్వనీ అని గేజీలు పెట్టుకొని పక్కన కూసున్న. ఇరవై నిమిషాలు మంచిగ నడిచింది, తర్వాత సక్షన్, అంటే కంప్రెసర్ గుంజే దిక్కు ప్రెషర్, మెల్లగ దిగుడు మొదలు పెట్టింది, దిగి దిగి ఎల్‌పీ స్విచ్ (ప్రెషర్ తక్కువైతే మిషన్ బందు చేసేది) టక్కున కొట్టేసింది. గంట ఆగి ఏస్తే మళ్ల ఏం కానట్టే నడుస్తదట. రెండోసారి దిగుతున్నప్పుడు వేడినీళ్లల్ల గుడ్డ ముంచి గ్యాస్‌ను సన్నగ ఇడిసి సల్లబరిచే ఎక్స్‌పాన్షన్ వాల్వు మీద కప్పిన, అర నిమిషం కాలే, సూది లేసి మొదటి జాగకు వచ్చింది. లోపల నీళ్లున్నయి. చుక్క నీళ్లు చాలు, వాల్వు నోట్లె గడ్డ కట్టి గ్యాస్ తొవ్వ మూసేస్తది, ఆగినంక కరిగిపోతది, అందుకే ఆ వేషాలు.

గాలి కూడ ఉంది. మిషన్ బందు చేసి అంత చల్లారినంక చూస్తే కండెన్సర్ కాడ 31 డిగ్రీలు, ఈ మిషన్ల ఉండే ఆర్-404ఏ గ్యాస్‌కు ఆ వేడికి ప్రెషర్ 195 పీఎస్‌ఐ దగ్గర్ల ఉండాలె, గేజ్ 220 దాటి చూపిస్తుంది. పైన ఉన్నదంత గాలే. అంటే ఆ స్పీడ్ మనిషి వ్యాక్యూమ్ పెట్టనే లేదు, గ్యాస్ రెండు సార్లు బుస్సుమని కొట్టి గాలి పోయింది అనుకున్నడు.

ఆయన్ని తిట్టబుద్ది కాలే ఎందుకంటే నేను కూడ మొదట్ల ఏండ్లకేండ్లు గట్లనే చేసిన. మా ఉస్తాద్ కాడ పంపే లేకుండె. మిషన్ కంప్రెసర్‌తోనే గాలి గుంజి బయటికి ఇడుస్తుంటిమి, గేజ్ సూది వ్యాక్యూమ్ దిక్కు చివర 30 ఇంచుల కాడికొస్తే అయిపోయింది అంటుంటిమి. అప్పుడు ఆర్-22 గ్యాసు, మినరల్ ఆయిలు, అది నీళ్లను అంత గుంజుకోదు కాబట్టి ఎట్లనో నడిచిపోయేటివి. ఇప్పటి ఆర్-404ఏ మిషన్లల్ల ఉండేది పీఓఈ అనే వేరే రకం ఆయిలు, మూత తీసి పెడితే గాల్లె తేమను గుంజుకుంటది, నీళ్లు వేడి కలిస్తే యాసిడ్ అయితది, యాసిడ్ పోయి మోటార్ వైండింగును తింటది. పైంగ వ్యాక్యూమ్‌ల కంప్రెసర్ నడిపితే లోపల కరెంటు పిన్నుల కాడ స్పార్క్ కొట్టి కాలిపోతది. ఒక చేపల షాపు ఫ్రీజర్ నా చేతులతోని గట్లనే పోయింది, కొత్త కంప్రెసర్ పైసలు నా జేబుల నుంచే కట్టిన. అప్పటి సంది మానేసిన.

సరే పని. ముందుగాల ఉన్న గ్యాస్ తియ్యాలె. పోరడు పైపు ఇప్పి గాల్లెకు ఇడుస్తా అన్న అని రడీగ ఉన్నడు, ఎట్లైన ఖరాబైందే కద అంటడు. వద్దు బిడ్డా అన్న, ఈ గ్యాస్ ఒక్క కిలో గాల్లె కలిస్తే 3,900 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్ ఇడిసినంత లెక్క అని చెప్తే కండ్లు ఇంతింత చేసిండు. రికవరీ మిషన్ పెట్టి సిలిండర్ల పట్టినం, ఐదు కిలోలకు కొంచెం తక్కువ వచ్చింది.

పాత డ్రయర్, అంటే లైన్ల తేమ పట్టే డబ్బా, కట్టర్‌తో కోసి తీసిన. గ్యాస్ టార్చ్ మంట పెట్టి ఊడదియ్యొద్దు, వేడికి దాంట్ల పట్టుకున్న తేమంత మళ్ల లైన్లకే పోతది. కొత్తది అతికేటప్పుడు లోపట సన్నగ నైట్రోజన్ పోతుండాలె, లేకుంటే రాగి పైపు లోపల నల్లగ మసి పొరలు లేస్తయి, అవి పోయి వాల్వు జాలీల పడ్తయి. తర్వాత నైట్రోజన్ ప్రెషర్, ట్యాంకు ప్లేటు మీద రాసింది దాటకుండ. సబ్బు నురగ పెడితే ఒక ఫ్లేర్ నట్ (పైపు మూతి వెడల్పు చేసి బిగించేది) కాడ చిన్న చిన్న బుడగలు, చీమ గుడ్లంత. ఫ్లేర్ కొత్తగ కొట్టి బిగించిన, ఇగ అరగంటల సూది కదల్లే.

పదకొండున్నరకు పంపు ఎక్కింది. ఇక్కడి నుంచి చూసేటోనికి ఏం పని చేస్తున్నట్టు ఉండదు, నాకైతే అసలు పని ఇదే. రెండు దిక్కుల గ్యాస్ నింపే వాల్వుల లోపలి పిన్నులు తీసేసిన, ఆ పిన్ను ఉంటే అంత లావు పైపు కూడ సూది బెజ్జం లెక్కనే. సోలినాయిడ్ (కరెంటుతోని తెరుచుకునే వాల్వు) మీద అయస్కాంతం పెట్టి తెరిచిన, లేకుంటే లైను మధ్యల మూసుకొనే ఉంటది. వ్యాక్యూమ్ ఎంత లోతుకు పోయిందో కొలిచే మైక్రాన్ మీటర్ పంపు కాడ కాకుండ అవతల చివరకు పెట్టిన, పంపు కాడ పెడితే ఎప్పుడు మంచి నంబరే చూపిస్తది, మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

పోరడు గేజ్ చూసి అన్నా 30 ఇంచులు వచ్చింది గ్యాస్ కొడుదమా అన్నడు, పది నిమిషాలు కూడ కాలే. కూసోబెట్టి లెక్క చెప్పిన. మన సుట్టున్న గాలి ప్రెషరు 7 లక్షల 60 వేల మైక్రాన్లు, మనకు కావాల్సింది 500 లోపల. సూది గేజ్ల ఒక్క ఇంచు అంటే 25,400 మైక్రాన్లు, ఆ గీత అవతల ఏం జరుగుతుందో సూదికెట్ల తెలుస్తది? నీళ్లను మనం పట్టుకొని బయటికి తియ్యలేం, ఆవిరి చేసి గుంజాలె. 30 డిగ్రీల నీళ్లు 32 వేల మైక్రాన్ల కాడ పొయ్యి లేకుండనే మరుగుతయి. కానీ ఆవిరైతున్నకొద్ది అవే సల్లబడ్తయి, 4,600 కిందికి పోతే ఇంక గడ్డ కడ్తయి, గడ్డ కట్టినయి మెల్లగ ఎప్పటికో పోతయి. బట్టలు ముసురుల ఆరేసినట్టు.

అందుకే ఒక పని చేసిన, దీనికి మాత్రం నన్ను నేనే మెచ్చుకున్న. సెంటర్ల ట్యాంకు కడగనీకె వేడినీళ్లు ఎట్లైన ఉంటయి. నాలుగు బకెట్లు పాల ట్యాంకులనే పోయించిన. గ్యాస్ తిరిగే అర దాని అడుగునే కద, కింద నుంచి వేడి తగిలితే లోపలున్న తేమ గడ్డ కట్టదు. సెక్రటరీ సార్ అనుమానంగ చూసిండు, సల్లచేసే మిషన్ల వేడినీళ్లేంది మేస్త్రీ అని.

అయినా 2,200 కాడ ఆగిపోయింది. ఎంత సేపు చూసినా అంతే. నైట్రోజన్ ఇడిసి వ్యాక్యూమ్ ఇరగ్గొట్టి, కొంచెం సేపు ఉంచి, మళ్ల గుంజినం. పొడి నైట్రోజన్ పోయి తేమను కలుపుకొని బయటికొస్తది. రెండోసారి 1,100 కాడికి వచ్చిందో లేదో కరెంటు పోయింది. ఉరికి బాల్ వాల్వు మూసిన, కొంచెం ఆలస్యమైతే పంపుల ఆయిలంత లైన్లకు గుంజుకుంటది, అప్పుడు ఇంక చూస్కో. జనరేటర్ ఉంది కానీ డీజిల్ మాపటి పాలకు దాచి పెట్టినం అన్నరు, వాళ్ల బాధ వాళ్లది.

బయట యాప చెట్టు కింద పప్పు అన్నం పెట్టిన్రు. తింటున్న కానీ కండ్లన్నీ మీటర్ మీదనే, అది బ్యాటరీ మీద నడుస్తది. 1,100 నుంచి లేస్తుంది, 1,600, 2,000, 2,400... పోరని మొకం మాడిపోయింది, లీకేజీ ఉన్నది అన్న అంటడు. ఆగు అన్న. 2,600 కాడ నిలబడింది, పావుగంట సేపు అక్కడనే. లీకేజీ ఉంటే ఆగదు బిడ్డా, బయట గాలి అంత లోపలికొచ్చే దాక లేస్తనే ఉంటది, ఇట్ల లేసి ఒక కాడ నిలబడ్డదంటే ఇంక నీళ్లున్నట్టు. కరెంటు పోయి మాకు ఉత్తపుణ్యానికి పరీక్ష చేసి పెట్టింది.

నలభై నిమిషాలకు వచ్చింది. పంపు ఆయిల్ తీసి చూస్తే తెల్లగ, పాల సెంటర్ల ఇంకేముంటది అని పోరడు జోక్ చేసిండు. అది మంచి ఆయిల్ కాదు, నీళ్లు కలిసింది, దాంతోని ఇంక లోతుకు పోదు. కొత్తది పోసి, మళ్ల నైట్రోజన్ ఇడిసి మూడోసారి పంపు పెట్టినం.

మూడున్నర దాటింది. సెక్రటరీ సార్ మూడోసారి వచ్చి ఇంకెంత సేపు మేస్త్రీ, పొద్దటి సంది పంపు పెట్టి కూసున్నరు, ఆయన గంటన్నరల చేసి పోయిండు కద అన్నడు. నోటి దాక వచ్చింది, ఆయన గంటన్నరల చేసిండు కాబట్టే నేను పొద్దంత కూసున్న సార్ అని. అనలే. ఇంకో గంట సార్ అన్న. కూసున్నందుకు పైసలు ఎవ్వరికి ఇయ్యబుద్ది కాదు, మా పనిల ఇదొక్కటే నాకు యాష్ట.

నాలుగుంబావుకు 380. వాల్వు మూసి పది నిమిషాలు చూసినం, 460 కాడికి వచ్చి ఆగింది. పోరడు నా కంటే ముందే నిలబడింది అన్న అన్నడు. అప్పుడు కొత్త గ్యాస్, కాంట మీద సిలిండర్ తలకిందులు పెట్టి లిక్విడ్ దిక్కు నుంచే ఇడిసినం. ఆర్-404ఏ మూడు గ్యాసులు కలిపి చేసింది, పైనుంచి ఆవిరి తీస్తే పాళ్లు మారిపోతయి. ప్లేటు మీద రాసినంత తూకం ఏసి ఆపేసిన, సూది చూసి అందాజ నింపుడు లేదు.

ఐదున్నరకు పాలోళ్లు వరుస కట్టిన్రు. ఒక అవ్వ స్టీలు క్యాను సంకల పెట్టుకొని బిడ్డా ఇయ్యాలన్న పోసుకుంటరా, మల్ల ఆటో కాడికి మొయ్యాల్నా అని అడిగింది. పోసుకుంటరు అవ్వా అన్న, అన్న కానీ గుండె దడదడ. పాలు పడ్డంక గంటన్నర సేపు గేజీలు ఇడువలే. సక్షన్ ఒక్కసారి కూడ జారలే.

బిల్లు కాడ లొల్లి అయితదనుకున్నది అయింది, ఐదొందలు తగ్గించిన. ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. బువ్వ తింటుంటే సెంటర్ పోరగాడు వాట్సప్‌ల ఫోటో పెట్టిండు, డిస్‌ప్లే మీద పాల వేడి 4.1 డిగ్రీలు. మా పోరనికి పంపిన. రేపు నేనే పంపు పెడ్త అన్న, మీరు కూసోండ్రి అని మెసేజ్ పెట్టిండు.

పంపు ఆయిల్ డబ్బా అడుగంటింది, రేపు షాపు తెరవంగనే తెచ్చుకోవాలె.