మేడ మీద ఫోను ఎత్తితే కింద దీపం వెలగాలి

హనుమకొండలో మాది రెండంతస్తుల ఇల్లు. నాన్న మేడ మీద గదిలో ఉంటారు, అమ్మ కింద ఉంటుంది. సాయంత్రం కాగానే నాన్న హుజూరాబాద్‌లోని పెద్దనాన్నకు ఫోను చేస్తారు. సరిగ్గా అప్పుడే కింద ఎవరో ఒకరు, సంగతి తెలియక, రిసీవర్ ఎత్తి నంబరు కొట్టడం మొదలుపెడతారు. అన్నదమ్ముల మాట మధ్యలో తెగిపోతుంది. నాన్న ఏమీ అనరు, కానీ మళ్ళీ ఫోను చేయరు. నాకు అదే బాధగా ఉండేది.

కిందటి ఏడాది అక్క అమెరికా నుంచి వస్తూ, అక్కడ ఒక ఆఫీసు ఖాళీ చేస్తుంటే దొరికిన రెండు పాత ఫోన్లను బట్టల మధ్య చుట్టి తెచ్చింది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ 565 రకం. గుండ్రటి డయలు, దాని కింద ఆరు మీటలు. ఎడమ చివర ఉన్న ఎర్రది హోల్డ్‌కు, అంటే కాల్‌ను తెంచకుండా కాసేపు ఆపి ఉంచడానికి, మిగతా ఐదూ ఐదు లైన్లకు. లైను మీటలు గాజులా ఉంటాయి, ఒక్కోదాని వెనుక చిన్న బల్బు. ఆ బల్బు చూడగానే నాకు నాన్న గుర్తొచ్చారు. లైనులో ఎవరైనా ఉన్నారని ఈ దీపం చెబితే చాలు, రెండో ఫోను ఎవరూ ముట్టరు.

అయితే ఫోను వెనుక ఉన్నది బొటనవేలంత కేబుల్, దాని చివర 50 పిన్నుల కనెక్టరు. మన లైనుకు కావలసినవి రెండే తీగలు. కనెక్టరు కోసేయడానికి మనసొప్పలేదు. కాజీపేటలో ఉండే రిటైర్డ్ కేబుల్ జాయింటర్, అంటే టెలిఫోన్ కేబుళ్ళు అతికే పని చేసిన ఒకరి దగ్గరికి ఫోను తీసుకెళ్ళాను. ఆయన దాన్ని తిప్పి చూసి, ఇంట్లోంచి పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజి) కేబుల్ ముక్క ఒకటి తెచ్చారు. దాని కనెక్టరు దీనికి సరిగ్గా కూర్చుంది.

"రంగుల లెక్క తెలుసా బిడ్డా? తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా. వీటికి జోడీగా నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. ఐదు ఐదులు ఇరవై అయిదు జతలు. మేము గుంతలో కూర్చుని కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం" అన్నారు.

ఒక్కో లైనుకు మూడు జతలు. మొదటి లైనుకైతే తెలుపు-నీలం జత మాట కోసం, తెలుపు-నారింజ రిసీవర్ ఎత్తిన సంగతి తెలపడానికి, తెలుపు-ఆకుపచ్చ దీపానికి. ఆఫీసుల్లో ఈ తీగలన్నీ గోడకున్న ఒక పెద్ద పెట్టెకు వెళ్ళేవి. దీపం వెలిగించడం, గంట మోగించడం, హోల్డ్ నిలపడం అన్నీ ఆ పెట్టె పనే. నా దగ్గర ఆ పెట్టె లేదు.

ఇంటికొచ్చి తెలుపు-నీలం జతను లైనుకు కలిపాను. రిసీవర్ ఎత్తితే నిశ్శబ్దం. పావుగంట తీగలు మార్చి మార్చి చూశాక అర్థమైంది, ముందు లైను మీట నొక్కాలి. నొక్కగానే డయల్ టోన్ నిండుగా వినిపించింది. డయలు తిప్పితే మాత్రం ఆ టోన్ ఆగలేదు. డయలు పాత పద్ధతిలో లైనును తెంచి కలుపుతూ అంకె పంపుతుంది. అయిదుకు అయిదు సార్లు, సున్నాకు పది సార్లు. మా ఇంటికి ఫోను లైను ఇచ్చే ఫైబర్ పెట్టెకు ఆ భాష రాదు. పల్స్‌ను టోన్‌గా మార్చే చిన్న పరికరం తెప్పించి మధ్యలో పెట్టాక నంబరు కలిసింది.

గంట మాత్రం మోగలేదు. జాయింటర్ గారికి ఫోను చేస్తే, "ఈ రకంలో గంటకు దారి వేరు బిడ్డా. గంట తీగలు ఎటు పోతున్నాయో చూడు. లోపలి కెపాసిటర్‌ను మాత్రం తప్పించకు. తప్పిస్తే గంట చుట్టలోంచే కరెంటు పారి, రిసీవర్ ఎత్తినట్టే లెక్క అవుతుంది" అన్నారు. మూత విప్పి గంట తీగల వెంట వెళ్ళి ఆ జతను కేబుల్‌లో పట్టుకున్నాను, బయట లైను జతకు కలుపుతున్నాను. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోను చేశారు. మామూలుగా లైనులో ఉండే 48 వోల్టుల డీసీ వేళ్ళకు పెద్దగా తెలియదు, గంటకు వచ్చే ఏసీ అలా కాదు, 75 వోల్టుల దాకా ఉంటుంది. మోచేతి దాకా జివ్వుమంది. ఈ పని చేసేవాళ్ళు ముందు లైను ఊడదీయండి. రెండు గంటలనూ కలిపితే రెండూ నీరసంగా మోగాయి. కింద ఉన్నదాన్నే ఉంచాను. నిజమైన ఇత్తడి గంట, మేడ మీదికి హాయిగా వినిపిస్తుంది.

ఇక దీపం. దీనికోసమే కదా ఇదంతా. ఆ బల్బులు 10 వోల్టుల ఏసీవి. చౌరస్తాలో 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. తెలుపు-నారింజ జత నిజానికి ఒక స్విచ్. లైను మీట నొక్కి ఉండగా రిసీవర్ ఎత్తితే ఆ రెండు తీగలూ లోపల కలుస్తాయి. అందుకే రెండు ఫోన్ల స్విచ్ జతలను సమాంతరంగా కలిపాను, రెండు దీపాల జతలను కూడా అలాగే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగ ముందు స్విచ్‌లకు, అక్కడి నుంచి దీపాలకు. ఏ ఫోను ఎత్తినా రెండు చోట్లా వెలగాలి. ఈ తీగలు లైను జతకు ఎక్కడా తగలకుండా టేపు చుట్టాను, తగిలితే మాటలో గుయ్‌మని మోత వస్తుంది. హోల్డ్ జోలికి పోలేదు. గోడ పెట్టె లేకుండా అది నొక్కితే కాల్ తెగిపోతుందని ఇంట్లో అందరికీ చెప్పాను.

ఆ సాయంత్రం నాన్న మేడ మీద మీట నొక్కి రిసీవర్ ఎత్తారు. కింద మొదటి మీట తేనె రంగులో వెలిగింది. చిన్నమ్మకు ఫోను చేద్దామని వచ్చిన అమ్మ ఆ వెలుగు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. చిక్కుడుకాయల చాట తెచ్చుకుని ఫోను పక్కనే కూర్చుని, దీపం ఆరేదాకా ఈనెలు తీసింది.