మా పాపకి ఇంగ్లీషు రాదని నమ్మించాల్సి వచ్చిన రోజు

మా పాప ఈ సోమవారం నుంచి బడికి వెళ్తోంది. ప్రభుత్వ బడిలో ఉచిత ప్రీకే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పని ఆగస్టుకి తెమిలింది. కాయితాల పనంతా కలిపితే రెండు రోజులు కూడా పట్టలేదు. మధ్యలో గడిచిన ఒక్క ముప్పావుగంట మాత్రం నాకింకా మింగుడుపడటం లేదు. వచ్చే ఏడాది టెక్సస్‌లో నాలుగేళ్ళ పిల్లల్ని చేర్పించబోయే తెలుగువాళ్ళకి పనికొస్తుందని, ఆ మంట చల్లారకముందే రాస్తున్నాను.

ఇక్కడ ఉచిత ప్రీకే అందరికీ ఇవ్వరు. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్ళు నిండాలి, దానికి తోడు ఏదో ఒక అర్హత ఉండాలి. ఇంటి ఆదాయం కేంద్రం పెట్టిన పేదరిక రేఖకి 185 శాతం లోపుండటం, అమ్మానాన్నల్లో ఒకరు సైన్యంలో ఉండటం, పిల్లలు ఫాస్టర్ కేర్‌లో (ప్రభుత్వం వేరే వాళ్ళింట్లో పెట్టి పెంచడం) ఉండటం, ఉండటానికి ఇల్లు లేకపోవడం, ఇలాంటివి. వాటితో పాటు ఇంకొకటి ఉంది: పిల్లకి ఇంగ్లీషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోవడం. పైవేవీ మాకు వర్తించవు. ఈ ఒక్కటి నూటికి నూరుపాళ్ళూ వర్తిస్తుంది.

ఎందుకంటే పాప ఏడాది పిల్లప్పటి నుంచి మూడేళ్ళు నిండేదాకా ఒంగోలు దగ్గర మా అత్తయ్యగారి దగ్గరే పెరిగింది. ఇక్కడికి తెచ్చుకున్నాక కూడా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట వద్దని నేనూ మా ఆయనా గట్టిగా అనుకున్నాం. ఇంగ్లీషు బడిలో ఎలాగూ వస్తుంది. తెలుగు ఇప్పుడు రాకపోతే ఎప్పటికీ రాదు. గర్వంగానే చెబుతున్నాను, మా పిల్ల పిన్నిని పిన్ని అని, మేనత్తని అత్త అని, వరసలన్నీ తప్పు లేకుండా పిలుస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన పదేళ్ళ పిల్లల్లో ఎంతమంది పిలుస్తారో మీకే తెలుసు.

బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు, అపార్ట్‌మెంట్ లీజు, కరెంటు బిల్లు, నా డ్రైవింగ్ లైసెన్సు అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించాను. ఏ ఇబ్బందీ లేదు. లీజులో మీ పేరు లేకపోతే ముందే చేర్పించుకోండి, అంతే.

తర్వాత వచ్చేది ఇంటి భాష గురించిన ఫారం. ఇంట్లో ఏ భాష వాడతారు, పిల్ల ఏ భాష మాట్లాడుతుంది అని అడుగుతారు. రెండింటికీ తెలుగు అని రాశాను. ఈ ఫారం ఏదో మొక్కుబడి అనుకోకండి, పిల్ల ఫైల్లో ఉండిపోతుంది. ఇంగ్లీషు కాక వేరే భాష రాస్తే పిల్లకి ఇంగ్లీషు ఎంత వచ్చో పరీక్ష పెడతారు.

ఆ పరీక్ష మాట చెప్పగానే మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో సలహాలు మొదలయ్యాయి. ‘వాళ్ళేం అడిగినా నోరు మెదపొద్దని పాపకి చెప్పి పంపండి’ అని ఒకావిడ. ‘మా వాడికి చాక్లెట్ ఇస్తానని చెప్పా, గప్‌చుప్‌గా కూర్చున్నాడు, సీటొచ్చింది’ అని ఇంకొకావిడ. ఇంగ్లీషు గలగలా మాట్లాడే పిల్లాడికి మూగనోము పట్టించారన్నమాట. ప్రైవేటు ప్రీస్కూలుకి కట్టే నెలకి పదమూడు వందల డాలర్లు మిగులుతాయని నాలుగేళ్ళ పిల్లాడికి అబద్ధం నేర్పిన ఇల్లు అది. మా ఆయన ‘మనకెందుకు, మన పిల్లకి నిజంగానే రాదు కదా’ అన్నారు. నేనూ అదే ధైర్యంతో వెళ్ళాను. వాళ్ళు చేసిన పని నా నెత్తిన పడుతుందని అప్పటికి తెలియదు.

మే నెలలో పరీక్ష. ఆ రోజు పొద్దున్నుంచీ వాన. పాప తన పసుపుపచ్చ గొడుగు తెచ్చుకుంది, దాన్ని చేతిలోంచి వదల్లేదు. ఆఫీసులో కౌంటర్ దగ్గరున్నావిడకి వివరాలు చెబుతుంటే ఆవిడ కీబోర్డు మీద చేతులు ఆపి నా వంక చూసింది. ‘మీ ఇంగ్లీషు చాలా బాగుందే. మరి పాపకి ఒక్క మాట కూడా రాదంటారేం?’ అంది. పాప ఇండియాలో పెరిగిందని చెప్పాను. ‘ఓకే’ అని సాగదీసి రాసుకుంది. ఆ సాగదీయడం నాకర్థమైంది.

తలుపుకి అద్దమున్న చిన్న గదిలో పాపని కూర్చోబెట్టారు. తల్లులు బయటే ఉండాలి. టీచర్ ఏదో చెయ్యమంటోంది, బొమ్మలు చూపించి పేర్లు అడుగుతోంది. పాప ఆవిడ మొహమే చూస్తోంది. మధ్యలో ఒకటి రెండుసార్లు పెదాలు కదిలాయి, ఏమందో వినపడలేదు. ఆ తర్వాత తల దించుకుని గొడుగు పిడి మీదున్న రబ్బరు బాతుని గోటితో గీకుతూ కూర్చుంది. నేను అద్దం ఇవతల. నా గుండె ఎలా కొట్టుకుందో నాకే తెలుసు.

పది నిమిషాలకి ఆవిడ బయటికొచ్చింది. కుర్చీల్లో ఇంకో నలుగురు తల్లులున్నారు, అందులో ఇద్దరు మనవాళ్ళే. వాళ్ళందరి ముందే అడిగింది: ‘మాట్లాడొద్దని పాపకి ఎవరైనా చెప్పి పంపారా?’

నాకు నోట మాట రాలేదు. చెంప మీద కొట్టినట్టయింది. ‘ఎందుకలా అడుగుతున్నారు?’ అన్నాను. పొద్దున్న వచ్చిన ఒక బాబు, మాట్లాడొద్దని అమ్మ చెప్పిందని ఇంగ్లీషులోనే చెప్పాడట. పైగా మా పాప ‘షూస్’ అనగానే తన బూట్ల వంక చూసిందట. షూస్ అనే మాట ఒంగోల్లో తెలియనిదెవరికి? ఆ సంగతి అక్కడ ఎలా వివరించను? వెనక కూర్చున్న మనవాళ్ళిద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు.

నిజం చెబుతున్న మనిషి దొంగలా నిలబడటం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ వెళ్ళిపోలేదు. ‘మా పాపకి మాటలు బాగా వచ్చు. మా భాష తెలిసినవాళ్ళు మీ బడిలో ఉంటే పిలవండి, వాళ్ళతో మాట్లాడుతుందో లేదో మీరే చూడండి’ అన్నాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే. మీకూ ఇలా జరిగితే అక్కడికక్కడే అడగండి, ఇంటికొచ్చి బాధపడితే లాభం లేదు.

అదృష్టం కొద్దీ పక్క క్లాసులో ఎయిడ్‌గా, అంటే టీచరుకి సాయంగా, పనిచేసే తెలుగావిడ ఉన్నారు. ఆవిడ వచ్చి పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ‘ఈ గొడుగు ఎవరిది బంగారం?’ అన్నారు. అంతే. ‘నాదే. నాయనమ్మ కొనిచ్చింది. వానలో తడిస్తే జొరం వచ్చుద్ది. మీ గొడుగేది?’ అని మొదలుపెట్టి, నాయనమ్మ గేదె, గేదెకి పుట్టిన దూడ, అది పాలు మొత్తం తాగేసిన సంగతి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఆవిడ నవ్వుతూ నా వైపు తిరిగి ‘మీది ప్రకాశం జిల్లానా అండీ?’ అన్నారు. అప్పుడు ఏడ్చాను.

పరీక్ష పెట్టిన టీచర్ ‘సారీ’ అంది. కౌంటర్ దగ్గరావిడ అనలేదు, ఇప్పటికీ అనలేదు. వారం తిరక్కుండా అర్హత ఉందని మెయిల్ వచ్చింది.

పిల్లల్ని నోరు మూసుకోమని పంపే వాళ్ళకి ఒక మాట. ఇంగ్లీషు రాదని తేలితే పిల్లని ఎమర్జెంట్ బైలింగ్వల్‌గా, అంటే ఇంట్లో వేరే భాష ఉండి ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లగా, రాసుకుంటారు. కిండర్‌గార్టెన్ నుంచి, ఆ జాబితాలోంచి తీసేసేదాకా ఇంగ్లీషు ఎంతవరకు వచ్చిందో చూసే టెల్పాస్ అనే పరీక్ష ఏటా ఉంటుంది. మా పాపకి అది అవసరం, సాయం అందుతుంది. మీ వాడికి అది అనవసరపు బరువు. అన్నిటికీ మించి, మీవల్ల మా పిల్లల్ని అనుమానిస్తున్నారు.

‘ఫ్రీ కదా, ఏం చెబుతారులే’ అన్నవాళ్ళూ ఉన్నారు. నేను కనుక్కున్నాను. అర్హత ఉన్న నాలుగేళ్ళ పిల్లలకి రోజంతా ప్రీకే పెట్టాలని 2019లో చట్టం చేశారు. కానీ రాష్ట్రం ఈ పిల్లలకి హాజరు లెక్కన ఇచ్చే డబ్బు సగం రోజుకే. మిగతాది ఇక్కడి బళ్ళని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకోవాలి. ఆఫీసువాళ్ళు సీట్ల దగ్గర అంత బిగదీసుకోవడానికి అదీ ఒక కారణమేమో. క్లాసుకి 22 మందికి మించకూడదన్న నియమం 2021లో ప్రీకేకీ వచ్చింది. సగటున 11 మందికి ఒక టీచరో ఎయిడో ఉండేలా చూడాలి. ప్రీస్కూళ్ళ నాణ్యతని రాష్ట్రాలవారీగా లెక్కగట్టే NIEER అనే సంస్థ కొలత ఇంకా గట్టిది: క్లాసుకి 20, పదిమందికి ఒక పెద్ద మనిషి. మా పాప క్లాసులో 19 మంది పిల్లలు, ఒక టీచర్, ఒక ఎయిడ్. నేను స్వయంగా లెక్కపెట్టాను. మీరూ లెక్కపెట్టండి, సిగ్గుపడక్కర్లేదు.

మా చెల్లెలు అట్లాంటాలో ఉంటుంది. జార్జియాలో లాటరీ డబ్బుతో నడిచే ప్రీకేని 1995 నుంచి నాలుగేళ్ళ పిల్లలందరికీ తెరిచారు. సీట్లు దొరకాలి గానీ జీతమెంత, ఇంగ్లీషు వచ్చా అని అడగరు. అలా పెడితే ఏ తల్లీ అద్దం ఇవతల నిలబడి దొంగ అనిపించుకోదు, ఏ పిల్లాడూ చాక్లెట్ కోసం నోరు కట్టుకోడు.

సోమవారం పొద్దున్న క్లాస్ టీచర్ నా చేతికి ఒక అట్టముక్క, మార్కర్ ఇచ్చింది. పాపకి కావాల్సిన తెలుగు మాటలు నాలుగు, తను పలకగలిగేలా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిమ్మంది. ఒంటికి, దాహం, నొప్పి అని రాశాను. నాలుగోది ‘అమ్మ వస్తుంది’. ఆవిడ అక్కడే నాలుగుసార్లు పలికి చూసుకుంది. ‘వస్తుంది’ దగ్గర నాలుక తిరగలేదు. పాప సరిచేసింది: ‘వచ్చుద్ది’.