వానాకాలంలో ఎఫ్‌టీఐఆర్: నా అనుభవం

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో శాలిసిలిక్ ఆమ్లం నుంచి ఆస్పిరిన్ చేశాను. వచ్చిన తెల్లపొడి ఆస్పిరినే అని నిరూపించడానికి ఐఆర్ తీయాలి, అంటే అది పరారుణ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రమ్. దాన్ని తీసే మెషీనే ఎఫ్‌టీఐఆర్. అదేమో జూలై, హైదరాబాద్‌లో ఒకటే ముసురు. అందుకు శాంపిల్‌ని కలిపి బిళ్లగా నొక్కే పొటాషియం బ్రోమైడ్‌కి, అంటే మా ల్యాబ్ భాషలో కేబీఆర్‌కి, వానాకాలం అస్సలు పడదు. గాలిలో తేమంతా లాగేసుకుంటుంది.

పీహెచ్‌డీ చేస్తున్న అక్క నన్ను ముందు మెషీన్ దగ్గర కూర్చోబెట్టింది. "తెర మీద మొదట వచ్చేది స్పెక్ట్రమ్ కాదు, చూడు" అంది. నడుమ ఒక పొడవాటి ముల్లు, రెండు పక్కలా సన్నగిల్లిపోయే అలలు. అదే ఇంటర్‌ఫెరోగ్రామ్. లోపలున్నది మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటరే. కిరణం రెండుగా చీలి, ఒకటి కదలని అద్దాన్నీ మరొకటి కదిలే అద్దాన్నీ తగిలి వెనక్కొచ్చి కలుస్తాయి. రెండు దారులూ సమానమైన చోట అన్ని తరంగాలూ ఒక్కసారే కలిసొస్తాయి, అందుకే ఆ ముల్లు. అద్దం ఎంత జరిగిందో 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ లెక్కగడుతుంది. ఆపైన కంప్యూటర్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేస్తేగానీ మన పీకులు, అంటే శాంపిల్ కాంతిని పీల్చుకున్న చోట్లు, బయటపడవు. బీఎస్సీలో ఇలాగే కాంతి అలలు కలిసి ఏర్పడే న్యూటన్ వలయాలు లెక్కపెడుతూ వీటితో ఏం ఒరుగుతుందని విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

అసలు కష్టం పెల్లెట్‌తో, అంటే ఆ బిళ్లతో. 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టిన కేబీఆర్ 200 మిల్లీగ్రాములు, శాంపిల్ 2 మిల్లీగ్రాములు. రెండూ అగేట్ కల్వంలో మెత్తగా నూరాలి. పలుకులు మిగిలితే కాంతి చెదిరిపోయి బేస్‌లైన్ ఏటవాలుగా వస్తుంది. డైలో పోసి 8 టన్నులతో ప్రెస్ చేసి తీస్తే, అవతలి అక్షరాలు కనబడాల్సిన బిళ్ల తెల్లగా మసకేసింది. స్పెక్ట్రమ్‌లో 3400 దగ్గర (పీకుల అంకెలన్నీ ఒక సెంటీమీటర్‌లో ఎన్ని తరంగాలో చెప్పేవే) నీటి పీక్ వెడల్పుగా పరుచుకుంది.

"మాట్లాడకుండా నూరు, నోటి ఆవిరి కూడా తగలనివ్వకు" అంది అక్క.

మన ఊపిరితో ఇంకో చిక్కుంది. బ్యాక్‌గ్రౌండ్, అంటే శాంపిల్ లేని ఖాళీ స్కాన్, తీశాక పెల్లెట్ పెట్టడానికి మూత తెరిస్తే చాలు, 2350 దగ్గర కార్బన్ డయాక్సైడ్ జంట పీక్ తేలుతుంది. మూతేసి కాసేపు ఆగాకే స్కాన్ మొదలుపెట్టాలి. నాయిస్ సగానికి తగ్గాలంటే స్కాన్లు నాలుగింతలు కావాలి కాబట్టి 32 బదులు 128 పెట్టాను.

చివరికి ఆస్పిరిన్‌లో ఉండే రెండు కార్బొనిళ్లు (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధాలు), 1750 దగ్గర ఎస్టర్‌ది, 1690 దగ్గర ఆమ్లానిది, విడివిడిగా వచ్చాయి. శాలిసిలిక్ ఆమ్లానికి 3240 దగ్గర ఉండే ఫీనాల్ పీక్ మాయం. అక్క ప్రింటవుట్ చూసి, "ఇక థీసిస్‌లో అంటించేసుకో" అంది.

పొడిని నేరుగా పెట్టి కొలిచే ఏటీఆర్ అనే అమరిక ఉంటే ఈ నూరుడంతా ఉండదు, వజ్రం మీద చిటికెడు పొడి వేసి నొక్కితే సరి. మా డిపార్ట్‌మెంట్‌కి అది మేం పాసై వెళ్లిపోయాక వచ్చిందట.